చెట్లూ చట్టాలూ – 5: పచ్చని మొక్క మీద అనుమానం

కిందటి వారం సింహళం కాఫీ తోటల దగ్గర ఆగాం. అక్కడ ఆకుల మీద తుప్పు తెగులు కనపడింది 1869లో. దాని గుట్టు విప్పిన మార్షల్ వార్డ్ ఓడ దిగింది 1880లో. ఈ వారం చెప్పుకోబోయే అమెరికా కథలో అలాంటి ఆలస్యం లేదు. తెగులును పసిగట్టిన అటవీ ఉద్యోగి ఉన్నాడు, రెండేళ్లలో దానికి పేరు పెట్టిన శాస్త్రవేత్త ఉన్నాడు, లక్షల డాలర్ల నిధి ఉంది, ఎవరి తోటలోకైనా వెళ్లి చెట్టు కొట్టించే అధికారమిచ్చిన చట్టం ఉంది. ఇన్ని ఉండి కూడా అమెరికన్ చెస్ట్‌నట్ చెట్టు అక్కడి అడవుల్లోంచి పోయింది. గాలిలో తేలే బూజును గవర్నరు సంతకం ఆపుతుందా అని నవ్వేయడం తేలికే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారని సరిపెట్టుకోవడం ఇంకా తేలిక. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది గానీ, అసలు కారణం వాటికి అందలేదు. పెన్సిల్వేనియా రాష్ట్రం చేసిన ఆ చట్టం ఓడింది జబ్బుపడిన చెట్ల వెంట పడినందుకు. చెట్ల తెగుళ్ల విషయంలో పనికొచ్చే క్వారంటైన్ నియమం ఏదైనా సరే, జబ్బు కనపడని మొక్కనే ముందు అనుమానించాలి. అమెరికా ప్రభుత్వం ఒక అడవిని పోగొట్టుకుని ఈ సంగతి నేర్చుకుంది. నేర్చుకున్నాక కూడా సగమే నేర్చుకుంది.

ఆ చెట్టు విలువ ఎంతో తెలిస్తే గానీ ఆ చట్టం వెనక ఉన్న భయం అర్థం కాదు. అమెరికా తూర్పున ఉత్తరం నుంచి దక్షిణానికి పరుచుకున్న అపలేచియన్ కొండల్లో కొన్నిచోట్ల నాలుగు చెట్లలో ఒకటి చెస్ట్‌నట్. రైలు పట్టాల కింద దిమ్మలు దానివే, టెలిగ్రాఫ్ స్తంభాలు దానివే, కంచె గుంజలు దానివే. తోళ్లు ఊనడానికి కావలసిన టానిన్ దాని కలప నుంచీ బెరడు నుంచీ తీసేవారు. శరదృతువులో రాలిన కాయలు కొండ జనానికి తిండి, పందులకు మేత, పట్నం బజారులో నాలుగు డబ్బులు. 1904లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలో చెట్ల బాగోగులు చూసే హెర్మన్ మెర్కెల్‌కు అక్కడి చెస్ట్‌నట్ చెట్లు కొమ్మకొమ్మగా ఎండిపోతూ కనిపించాయి. పక్కనే ఉన్న బొటానికల్ గార్డెన్ శాస్త్రవేత్త విలియం మరిల్ పరిశీలించి, కారణం బెరడు కింద పాకే ఒక శిలీంధ్రమని తేల్చి 1906లో దానికి పేరు పెట్టాడు. ఆ తర్వాత దాదాపు 50 ఏళ్లలో ఆ చెట్టు పెరిగే నేలంతా తెగులు చుట్టేసింది. పోయిన చెట్లు 350 నుంచి 400 కోట్లని ఒక అంచనా.

ఈ తెగులు పని చేసే తీరు కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే చట్టం దెబ్బతిన్నది ఇక్కడే. శిలీంధ్రం చెట్టులోకి దూరేది బెరడు మీది చిన్న గాయం గుండా. పురుగు తొలిచిన బెజ్జమైనా చాలు, కొమ్మ రాసుకుని చెక్కుకుపోయిన చోటైనా చాలు. లోపలికి పోయాక బెరడుకూ కలపకూ మధ్య ఉన్న మెత్తని పొరలో విసనకర్ర ఆకారంలో పరుచుకుంటుంది. చాన్నాళ్లు పైకేమీ తెలియదు, ఆకులు పచ్చగానే ఉంటాయి, పూత పూస్తుంది. పుండు మాను చుట్టూ తిరిగి రెండు కొసలూ కలుసుకున్నప్పుడు పైభాగం ఒక్కసారిగా ఎండుతుంది. ఈలోగా బెరడు మీద గుండుసూది తలంత నారింజరంగు బొడిపెలు లేస్తాయి. వాన పడితే వాటిలోంచి జిగురుగా మెలికలు తిరిగిన దారాల్లా సిద్ధబీజాలు బయటికొస్తాయి. అవి వాన నీటితో కిందికి జారతాయి, పురుగుల కాళ్లకూ పిట్టల ఈకలకూ అంటుకుంటాయి. మరో రకం బీజాలను శిలీంధ్రం వాన వెలిశాక గాలిలోకి చిమ్ముతుంది. పెన్సిల్వేనియాలో పనిచేసిన హీల్డ్, స్టూడ్‌హాల్టర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తెగులు చెట్ల మీద తిరిగే పిట్టలను పట్టి కడిగి లెక్క చూస్తే, ఒక్క వడ్రంగిపిట్ట ఒంటిమీద ఏడున్నర లక్షలకు పైగా బీజాలు తేలాయి. అంటే తనిఖీదారు కంటికి ఎండిన కొమ్మ కనపడే సమయానికి ఆ చెట్టు చేయవలసిన చెరుపంతా చేసేసి ఉంటుంది.

ఇది పూర్తిగా తెలియని రోజుల్లోనే పెన్సిల్వేనియా కదిలింది. అలా కదలడానికి ధైర్యమిచ్చింది కేంద్ర వ్యవసాయ శాఖలోని హేవెన్ మెట్‌కాఫ్, ఫ్రాంక్లిన్ కాలిన్స్ అనే ఇద్దరు. వాళ్లు వాషింగ్టన్ చుట్టూ 35 మైళ్ల మేర వెతికి, తెగులు కనపడిన చెట్లను కొట్టించి, అక్కడ జబ్బు ఆగిందని నమ్మారు. ముట్టడి ఎక్కువగా ఉన్న ప్రాంతాన్ని వదులుకుని, దాని ముందు అక్కడక్కడా పడిన మచ్చలను తుడిచేస్తూ పోతే తెగులు ముందుకు సాగదన్నది 1911లో వాళ్లు రైతుల కోసం వేసిన కరపత్రం సారాంశం. అదే ఏడాది జూన్‌లో గవర్నర్ జాన్ టెనర్ సంతకంతో పెన్సిల్వేనియాలో చెస్ట్‌నట్ తెగులు కమిషన్ ఏర్పడింది. నిధి 2,75,000 డాలర్లు. ఆ రోజుల్లో ఒక చెట్టు జబ్బు కోసం ఒక రాష్ట్రం తీసిపెట్టిన సొమ్ముగా అది చాలా పెద్దది. రాష్ట్రం తూర్పు భాగం అప్పటికే పోయినట్టే లెక్క గనక పడమటి భాగాన్ని కాపాడాలనుకున్నారు. తనిఖీదారులు అడవులు గాలించారు, బాయ్ స్కౌట్ పిల్లల సాయం కూడా తీసుకున్నారు. తెగులు కనపడిన చెట్టును కొట్టి, మొద్దు బెరడు ఒలిచి కాల్పించారు. యజమాని ఒప్పుకోకపోయినా పని జరిపించే అధికారం కమిషన్‌కు ఉంది.

1912 ఫిబ్రవరిలో రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లో ఈ తెగులు మీద ఒక సభ జరిగింది. అక్కడ నలుగురికీ నచ్చని మాట చెప్పినవాడు న్యూయార్క్ రాష్ట్ర వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎఫ్.సి. స్టూవర్ట్. వాషింగ్టన్ ప్రయోగంతో ఏమీ రుజువు కాలేదనీ, తెగులు కంటపడే లోపే అక్కడి నుంచి ముందుకు పోయి ఉంటుందనీ, నెగ్గే ఆశ లేని పద్ధతికి ప్రజల సొమ్ము తగలేయడం కంటే ఊరుకోవడం మేలనీ ఆయన వాదన. కనెక్టికట్ నుంచి వచ్చిన జార్జ్ క్లింటన్ ఇంకో మాట అన్నాడు: ఇది పరాయి తెగులేమీ కాదు, ఇక్కడిదే, కరవుకు నీరసించిన చెట్ల మీద పడిందంతే. చేతులు కట్టుకుని కూర్చోవడం మా రాష్ట్ర స్వభావం కాదన్న ధోరణిలో నిర్వాహకులు నడిచారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 1913లో, నిధుల దారి మూసుకుపోయి కమిషన్ దుకాణం కట్టేసింది. ఆ జూన్‌లోనే అమెరికా వ్యవసాయ శాఖ కోసం చైనాలో మొక్కలు సేకరిస్తున్న ఫ్రాంక్ మేయర్ అక్కడి చెస్ట్‌నట్ బెరడు ముక్క ఒకటి పంపాడు. దాని మీద ఉన్నది సరిగ్గా అదే శిలీంధ్రం. అక్కడి చెట్లు మాత్రం పుండ్లు మాన్పుకుని బతుకుతున్నాయి. క్లింటన్ వాదన దాంతో వీగిపోయింది. స్టూవర్ట్ వాదన నిలిచింది.

అయితే క్వారంటైన్ దండగ అని తేలినట్టేనా? స్టూవర్ట్ చెప్పిన కారణాన్ని అలా చదవడం తొందరపాటు. కనపడే లోపే జబ్బు సాగిపోతుంది గనక కనపడినదాన్ని కొట్టడం వృథా అన్నాడాయన. ఆ మాటను చివరిదాకా లాగితే తేలేది, నియమం కంటిచూపు మీద ఆధారపడకూడదనే గానీ నియమమే వద్దని కాదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. న్యూయార్క్ నుంచి పెన్సిల్వేనియాకు బీజాలను మోసింది వడ్రంగిపిట్ట కావచ్చు, గాలి కావచ్చు. ఆసియా నుంచి పసిఫిక్ దాటించింది పిట్టా కాదు, గాలీ కాదు. 1876లో న్యూయార్క్ దగ్గర ఫ్లషింగ్‌లో నర్సరీ నడిపిన శామ్యూల్ పార్సన్స్ జపాన్ చెస్ట్‌నట్ తెప్పించాడు. కాయ పెద్దది, చెట్టు పొట్టిది, చిన్న వయసులోనే కాపుకొస్తుంది. ఆ తర్వాత మరికొందరు తెప్పించారు, కేటలాగుల్లో ప్రకటించి టపాలో ఊరూరా పంపారు. పార్సన్స్ మొక్కతోనే వచ్చిందని ఎవరూ చెప్పలేరు గానీ, ఈ వ్యాపారంతో వచ్చిందనడంలో సందేహం లేదు. ఆ రోజుల్లో రేవులో ఎంత నిక్కచ్చి తనిఖీదారు ఉన్నా ఆ మొక్కలను ఆపేవాడు కాదు, ఎందుకంటే ఆ జాతి ఈ శిలీంధ్రాన్ని మోస్తూనే నిక్షేపంగా పెరుగుతుంది. తెగులును ఓర్చుకునే మొక్కను మించిన రవాణా సాధనం తెగులుకు లేదు.

పెన్సిల్వేనియా మీద వేయాల్సిన అసలు నింద ఎవరూ పెద్దగా వేయలేదు. ఎలాగూ పోయే చెట్టే గదా, ఉన్నప్పుడే కొట్టి అమ్ముకోండని ఆ రోజుల్లో యజమానులకు సలహాలు అందాయి, కలప వ్యాపారులు దాన్ని సంతోషంగా పాటించారు. అలా కూలిన లెక్కలేనన్ని చెట్లలో తెగులును కొంతైనా ఓర్చుకునేవి ఉండి ఉండవచ్చు. ఇప్పుడు రుజువు చేసే దారి లేదు. జబ్బు చెట్టు వేళ్లు మాత్రం చావవు, ఇప్పటికీ మోళ్ల నుంచి పిలకలు వేస్తాయి. చేతి లావు అయ్యేసరికి మళ్లీ పుండు పడి ఎండుతాయి.

హారిస్‌బర్గ్ సభ జరిగిన ఏడాదే, 1912 ఆగస్టు 20న, అమెరికా కాంగ్రెస్ మొక్కల క్వారంటైన్ చట్టం చేసింది. దాని వెనక పట్టుబట్టి నిలిచినవాడు వ్యవసాయ శాఖ కీటక శాస్త్రవేత్త చార్లెస్ మార్లట్. అంతకు రెండేళ్ల ముందు జనం కళ్లముందే జరిగిన ఒక ఉదంతం ఆయనకు కలిసొచ్చింది. టోక్యో నగరం వాషింగ్టన్‌కు కానుకగా పంపిన 2,000 చెర్రీ మొక్కలను 1910 జనవరిలో తనిఖీ చేస్తే పురుగులు, వేరు బుడిపెలు బయటపడ్డాయి. అధ్యక్షుడు టాఫ్ట్ అనుమతితో కుప్పలు వేసి తగలబెట్టారు. జపాన్ నొచ్చుకోకుండా, శుభ్రమైన నారు మీద జాగ్రత్తగా అంట్లు కట్టి పెంచిన 3,020 మొక్కలను 1912లో మళ్లీ పంపింది. ఇప్పుడు వాషింగ్టన్‌లో వసంతంలో జనం ఎగబడి చూసే చెర్రీ తోట మొదలైంది వాటితోనే. చాలామంది ఈ ఉదంతాన్ని తనిఖీ సాధించిన విజయంగా చెబుతారు. నిజానికి అది సులువైన కేసు, పురుగులూ బుడిపెలూ కంటికి కనపడతాయి. రెండోసారి మొక్కలు గట్టెక్కింది వాటిని పెంచిన తీరు వల్ల.

కొత్త చట్టం కింద వచ్చిన మొట్టమొదటి ఉత్తర్వు, అంటే క్వారంటైన్ నంబర్ 1, 1912 సెప్టెంబరులో వెలువడింది. అది చెస్ట్‌నట్ గురించి కాదు, వైట్ పైన్ గురించి. ఈ చెట్టు అమెరికాదే. విత్తనాలు ఐరోపాకు వెళ్లాయి, అక్కడి నర్సరీలు చవగ్గా నారు పోసి, అడవులు తిరిగి నాటుకుంటున్న అమెరికాకే లక్షల్లో అమ్మాయి. వాటితోపాటు బొబ్బ తుప్పు అనే తెగులు దిగింది. 1909లో న్యూయార్క్ రాష్ట్రం జర్మనీ నుంచి తెప్పించిన నారులో అది దొరికింది. ఈ తెగులు పైన్ నుంచి పైన్‌కు పోదు, మధ్యలో కరెంట్, గూస్‌బెర్రీ అనే పండ్ల పొదల ఆకుల మీద ఒక విడత గడపాలి. పైన్ సూదుల్లోంచి లోపలికి పోయాక బెరడు మీద బొబ్బలు లేచేదాకా రెండు మూడేళ్లో అంతకంటే ఎక్కువో పడుతుంది. రెండేళ్ల నారు మొక్క పరిపూర్ణ ఆరోగ్యంగా కనపడుతూనే తెగులును మోసుకు రాగలదు. అందుకే ఆ ఉత్తర్వు జబ్బున్న మొక్కలను నిషేధించలేదు. ఫలానా ఐరోపా దేశాల నుంచి గుత్తికి అయిదేసి సూదులుండే పైన్ జాతులే రావద్దంది, బాగున్నా బాగులేకపోయినా. పెన్సిల్వేనియా అడవుల్లో తనిఖీదారులు ఎండిన కొమ్మల కోసం మెడలెత్తి చూస్తున్న నెలల్లోనే వాషింగ్టన్‌లో ఒక బల్ల మీద చెట్ల క్వారంటైన్ తీరు మారిపోయింది.

అయినా వైట్ పైన్ దక్కిందా అంటే పూర్తిగా దక్కలేదు. ఉత్తర్వు రావడానికి రెండేళ్ల ముందే, 1910లో, ఫ్రాన్స్ నుంచి కెనడా పడమటి తీరంలోని వాంకూవర్‌కు కొన్ని మొక్కలు చేరాయి. అక్కడ తుప్పు సంగతి బయటపడింది 1921లో. ఆలస్యమైన నియమానికి సరైన నియమమని పేరు పెట్టి ఏం లాభమని అడగవచ్చు. నిజమే, ఆలస్యానికి మందు లేదు. కానీ పెన్సిల్వేనియా నియమం ఇరవై ఏళ్ల ముందు వచ్చినా ఫలితం మారేది కాదు, పైన్ నియమం నాలుగేళ్లు ముందొస్తే చాలా మారేది. రెండు వైఫల్యాలనూ ఒకే గాటన కట్టకూడదన్నది ఇందుకే.

1919 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన క్వారంటైన్ 37 ఈ తర్కాన్ని ఇంకా దూరం తీసుకుపోయింది. కొన్ని విత్తనాలు, దుంపలు, ఇంకా కొద్దిపాటి మినహాయింపులు తప్ప పరాయి దేశపు నర్సరీ మొక్కలన్నిటికీ తలుపు మూసేసింది. దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు డేవిడ్ ఫెయిర్‌చైల్డ్, దేశదేశాల మొక్కలను అమెరికాకు తెప్పించే విభాగానికి అధిపతి. చైనాలో శిలీంధ్రాన్ని పట్టుకున్న మేయర్ ఈయన పంపిన మనిషే. ఈయనా మార్లట్టూ కాన్సాస్‌లో ఒకే ఊళ్లో పెరిగిన చిన్ననాటి స్నేహితులు. ఒకరికి రేవులోకి వచ్చే ప్రతి పెట్టెలోనూ పంట కనపడేది, రెండోవారికి తెగులు. ఫెయిర్‌చైల్డ్ వాదనను కొట్టిపారేయలేం: అమెరికా పొలంలో పండే పంటల్లో చాలాభాగం బయట నుంచి వచ్చినవే, ఈ నిషేధం వందేళ్ల ముందు వచ్చి ఉంటే అవీ ఉండేవి కావు. తోటల పెంపకందారులు ఇంకో మాట అన్నారు, ఇది తెగుళ్ల పేరు చెప్పి దేశీ నర్సరీల గల్లా నింపడమని. దేశీ నర్సరీలకు లాభం వచ్చిన మాట వాస్తవం. లాభపడినవాడు ఉన్నంత మాత్రాన కారణం అబద్ధమైపోదు. కాకపోతే రుజువు లేకుండా ఆపే అధికారం చేతిలో ఉన్న కార్యాలయం దాన్ని ఎప్పటికీ వదులుకోదన్న భయం సబబైనదే.

దీనికి జవాబు అనుమానాన్ని ఎత్తివేయడంలో లేదు, దానికి గడువు పెట్టడంలో ఉంది. తెగులు బయటపడటానికి రెండేళ్లు పడితే మొక్కను రెండేళ్లు వేరుగా, కాపలాలో పెంచి చూడాలి, అప్పటికీ బాగుంటే వదిలేయాలి. క్వారంటైన్ 37లో ప్రత్యేక అనుమతి కింద కొత్త రకాలు తెచ్చుకునే వీలు ఉంది. తర్వాతి కాలంలో అనేక దేశాలు పాటించిన పద్ధతి అటువంటిదే. మన దేశంలో 1914లో విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం వచ్చింది, అమెరికా చట్టం వచ్చిన రెండేళ్లలోపే. ఆ చట్టం కింద 2003లో జారీ అయిన దిగుమతుల ఉత్తర్వు ప్రకారం ఇప్పటికీ కొన్ని నాటు మొక్కలు దేశంలోకి వచ్చాక నేరుగా తోటకు పోవు. అనుమతి పొందిన ఏకాంత ప్రదేశంలో నిర్ణీత కాలం పెరగాలి. కొనుక్కున్న రైతుకు అది విసుగే. ఆ విసుగు ఒక్కరిది, దానికో చివరి తేదీ ఉంటుంది. చెస్ట్‌నట్ నష్టం అలా కాదు, మొక్క తెప్పించినవాడు ఒకడు, చెట్టు పోగొట్టుకున్నది కొండ జనమంతా.

అమెరికా సగమే నేర్చుకుందని మొదట్లో అన్నాను. క్వారంటైన్ 37 బతికున్న మొక్కలను అనుమానించింది, చచ్చిన దుంగలను అనుమానించలేదు. గంట్లు, ముడులు ఉన్న ఎల్మ్ దుంగలను పలుచగా కోసి ఫర్నిచర్ మీద అతికిస్తే అందంగా ఉంటుందని ఐరోపా నుంచి తెప్పించుకునేవారు. ఆ దుంగల బెరడు కింద గుల్ల పురుగులు, పురుగుల ఒంటి మీద డచ్ ఎల్మ్ తెగులు శిలీంధ్రం. 1930లో ఒహాయోలో చెట్లు వాడడం మొదలైంది, దుంగల మీద ఆంక్షలు 1933లో వచ్చాయి. మళ్లీ అదే తప్పు, వస్తువు పేరు చూశారు గానీ తెగులు ఎక్కే బండి ఏదని చూడలేదు. ఆ తర్వాత వంతు పెట్టె చెక్కలది. 1996లో న్యూయార్క్ చెట్లలో బయటపడిన ఆసియా పొడవుకొమ్ముల పురుగు సరుకుల పెట్టెల చెక్కలోంచే వచ్చిందని తేలాక, 2002లో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి కుదిరింది: ఎగుమతి సరుకు కింద పెట్టే ముతక చెక్క ఏదైనా నడిమధ్య దాకా 56 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కి, అక్కడ అరగంట నిలవాలి, లేదా పొగబెట్టడం లాంటి మరో ఆమోదిత శుద్ధి జరగాలి. విశాఖ రేవులో దిగే సరుకుల కింది చెక్క బల్లల మీద గోధుమ కంకి బొమ్మతో కాల్చి వేసిన ముద్ర అదే. పక్కన ఉండే రెండక్షరాలు దేశానివి, హెచ్.టి. అని ఉంటే వేడి చేశారని. ఆ చెక్కలో పురుగుందా లేదా అని ఎవరూ చూడరు, అన్నిటినీ ఒకేలా శుద్ధి చేస్తారు.

ఇక్కడిదాకా చెప్పుకున్నదంతా రేవు దాటి వచ్చిన తెగుళ్ల గురించి. కాపలా పెట్టడానికి రేవంటూ లేని చోట, తెగులు అప్పటికే ఊళ్లో ఉన్నప్పుడు ఈ తర్కం ఎంతవరకు నిలుస్తుందో గోదావరి డెల్టా తాటిచెట్లు చెబుతాయి. పెన్సిల్వేనియా కమిషన్‌కు కొద్ది ఏళ్ల ముందే అక్కడ మొవ్వు కుళ్లు తెగులును శాస్త్రవేత్త ఇ.జె. బట్లర్ పరిశోధించాడు. తాటిచెట్టుకు ఉన్నది ఒకటే మొవ్వు గనక తెగులు తల నరికితే చెట్టూ పోతుంది. ఆ చెట్లను ఎవరు నరకాలి, ఎవరి ఖర్చుతో, ఏ చట్టం కింద అన్నది వచ్చే వారం.